అద్దం వెనక పేరమ్మ

తెల్ల తిమింగలాల వీపుల మీద నుంచి వీపుల మీదికి దూకుతూ, విరిగిన పడవ చెక్క ఒకటి పట్టుకుని, చచ్చీ చెడీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన తవిటన్న ఆ మధ్యాహ్నానికి హిమఘోష ద్వీపపు రాజధాని తెల్లరేవులో, ఎవరూ గుర్తుపట్టని ముఖంతో నడుస్తున్నాడు. ఆ ముఖం అతనిది కాదు. నడిసముద్రంలో ఉప్పుగుహలో కాపురం ఉండే మంత్రగత్తె అతని చెంపలకి పూసిన మైనం మహిమ అది. చూసేవాళ్ళకి అతను పాలిపోయిన చర్మం, పసుపు కనుబొమలు ఉన్న ఆ దేశపు మనిషిలాగే కనిపిస్తాడు. వాళ్ళ భాష అతని చెవులకి అర్థమవుతుంది, నోటికి పలుకుతుంది. అయితే మైనం పూసేటప్పుడే మంత్రగత్తె హెచ్చరించింది. "ముకం నేను మార్చగల్ను గానీ, నీ కాళ్ళూ సేతులూ మీ ఊరివే, జాగ్రత్త."

ఏం నగరం అది. సున్నపురాయిలో చెక్కిన మేడలు, మేడల చూరులకి గాజు కత్తుల్లా వేలాడే మంచు, వీధి మధ్యలో గడ్డకట్టిన కాలువ, దాని మీద ఇనుప కాళ్ళ బళ్ళని లాగే బొచ్చు కుక్కలు. ఆకాశం వెండి పళ్ళెం బోర్లించినట్టు ఉంది. ఎండ ఉంది, వేడి లేదు. మనుషులు ఉన్నారు, పలకరింపు లేదు. పొగ గొట్టాల నుంచి లేచే పొగ కూడా ఒకదానితో ఒకటి కలవకుండా నిటారుగా పైకి పోతోంది.

తవిటన్నకి అలాంటి ఒంటరితనం కొత్త కాదు. అతని సొంత రాజ్యం శంఖతీరంలో కొన్నాళ్ళుగా అతన్ని గుర్తుపట్టే ప్రాణి లేదు.

శంఖతీరానికి పేరమ్మ తల్లి దిక్కు. మోచేతి పొడవు నల్లరాతి బొమ్మ, కొండగుహలో గద్దె మీద, తల ఒక పక్కకి వంచి, ఎవరో చెప్పేది వింటున్నట్టు కూర్చుని ఉంటుంది. ఓర్గెల్ అనే పండితుడు పలుగులతో, పారలతో, కొలతల తాళ్ళతో ఓడ దిగి, పాత రాళ్ళ మీద పరిశోధన అని చెప్పి, గుహ ముందు గుడారం వేసి, ఒక వర్షపు ఉదయం ఆమెని గద్దె నుంచి పెకలించి గడ్డిలో చుట్టి ఓడెక్కించాడు. ఓడ కదిలిందో లేదో, రాజ్యంలో ఒకరికి ఒకరు తెలియకుండా పోయారు. రాజు సింహాసనం మీద కూర్చుని ఈ కిరీటం ఎవరిదని అడిగాడు. పెళ్ళిపందిట్లో వధువూ వరుడూ ఒకరినొకరు చూసి, తప్పు ఇంటికి వచ్చామనుకుని చెరో దారిన వెళ్ళిపోయారు. తవిటన్న చేపలబుట్టతో ఇంటికి వస్తే కన్నతల్లి పైడమ్మ గుమ్మంలో నిలబడి, మంచినీళ్ళ చెంబు అందించి, "ఏ ఊరు బాబూ మీది? దూరం నుంచొచ్చినట్టున్నారు" అంది.

ఆ చెంబు దించి అతను పడవ ఎక్కాడు. పేరమ్మని తిరిగి గద్దె మీద కూర్చోబెడితే తప్ప ఆమె మళ్ళీ అతన్ని కొడుకా అని పిలవదు.

ఓర్గెల్ దోచుకొచ్చినవన్నీ దాచిన భవనాన్ని ఆ దేశంలో వింతశాల అంటారు. దాని వాకిలి రెండు తాటిచెట్ల ఎత్తు. గుమ్మం దగ్గర రాగి బొత్తాల కావలివాడు ఒకడు ఆవలిస్తూ నిలబడి ఉన్నాడు.

"టోపీ తీయండి. కర్ర ఇక్కడ పెట్టండి. దేన్నీ ముట్టుకోకండి, దేని మీదా ఊదకండి. ఏం చూడ్డానికొచ్చారు?"

"దక్షిణ దేశపు బొమ్మలు."

"అందరికీ అవే కావాలి. నిజానికి చూడ్డానికేం ఉండదు, నల్లరాళ్ళు. ఎడమ వైపు వెళ్ళండి, నవ్వే సింహం పక్క నుంచి."

తవిటన్న లోపలికి అడుగుపెట్టి నిలువునా ఆగిపోయాడు. ఎంత పొడవు హాలో దాని చివర కనపడలేదు. పై కప్పంతా గాజు, గాజు మీద మంచు, ఆ మంచులోంచి వడకట్టినట్టు దిగే బూడిద వెలుతురు. ఆ వెలుతురులో వరసలు వరసలుగా గాజుపెట్టెలు, వాటిలో పట్టనివి బయట. ఇల్లు లేని తలుపులు. నీళ్ళు లేని పడవ. రాజు లేని దంతపు సింహాసనం. మోగకుండా నాలుకకి దూది చుట్టిన పెద్ద కంచుగంట. ఏ చెయ్యీ తొడుక్కోని కడియాలు, ఏ కాలూ ఎరగని అందెలు, పసిపిల్ల ఎవరో ఆడి పారేసిన మట్టి ఏనుగు కూడా మఖమలు మెత్త మీద. ప్రతిదానికీ మెడలో ఒక తెల్ల చీటీ.

అదే ఓర్గెల్ మంత్రమని ఉప్పుగుహ మంత్రగత్తె ముందే చెప్పింది. అతను చీటీ మీద ఒక కొత్త పేరు రాసి కడితే ఆ వస్తువు తన అసలు పేరు మర్చిపోయి నిద్రపోతుంది. నిద్రపోయిన దేవతని మోయడం మనిషి వల్ల కాదు, కొండంత బరువవుతుంది.

హాలు మలుపులో ఉంది పేరమ్మ.

తల వంచుకునే ఉంది. కానీ ఆ చెవి దగ్గర ఎవరూ లేరు. గాజు ఉంది. ఆమె మెడలో చీటీ మీద ఇలా రాసి ఉంది: ఆడ బొమ్మ. నల్లరాయి. దక్షిణం. ఉపయోగం తెలియదు.

ఉన్ని టోపీల కుటుంబం ఒకటి ఆ పెట్టె ముందు ఒక్క క్షణం ఆగి, చీటీ చదివి, పక్క పెట్టెకి వెళ్ళిపోయింది. తవిటన్న ఆ పెట్టెకి దగ్గరగా జరిగాడు. దణ్ణం పెట్టకూడదు, ఏడవకూడదు. ఆ రెండూ చెయ్యకుండా పళ్ళు బిగించి నిలబడి, తాళం ఎక్కడుందో, గాజు ఎంత మందమో, కిటికీ ఎంత దూరమో చూసుకున్నాడు. ముందు పారిపోయే దారి వెతికి తర్వాత రావాలనుకున్నాడు. అనుకుని కదిలాడు.

"ఏమప్పా, యాడికి అట్ల ఎనక్కి నడ్చుకుంటా పోతాండావు?"

తవిటన్న తల తిప్పాడు. పక్కనే రాతి అరుగు మీద ఒక యాళి. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం, గుర్రం మెడా గిట్టలూ, ఒక చెవి విరిగింది. చీటీ ఒంటిని మాత్రమే నిద్రపుచ్చినట్టు కదలదు, రెప్ప వెయ్యదు. మాట మాత్రం గొంతులోంచి వస్తోంది. వచ్చేపోయే ఆ దేశపు జనానికి అది రాయి కీచుమన్నట్టు తప్ప వినిపించదు.

అప్పుడు చూసుకున్నాడు. శంఖతీరంలో పేరమ్మకి వీపు చూపించి ఎవరూ వెళ్ళరు. పాకే పిల్లల దగ్గర్నుంచి పట్టపుటేనుగు దాకా ఆమె కనుమరుగయ్యేదాకా వెనక్కే నడుస్తారు. అతని కాళ్ళు అదే పని చేస్తున్నాయి. ముఖం మారింది, కాళ్ళు మారలేదు.

"ముందుకి తిరగ్రా సామీ," అంది యాళి. "ఇట్ల నడిచేటోడు ఎవడన్నా వస్తే పట్టుకోమని ఆ బక్క పండితుడు కావలోళ్ళకి రోజూ చెప్తాంటాడు."

ఆ మాట పూర్తయ్యేలోపే బొత్తాల కావలివాడు ఈల ఊదాడు.

తవిటన్న పరుగు తీశాడు. ఎదురుగా బల్లేలు పట్టుకుని ఇద్దరు. దంతపు సింహాసనం మీద కాలు వేసి, అక్కడి నుంచి పడవలోకి దూకి, పడవ తెరచాప తాడు పట్టుకుని ఊగి కంచుగంట మీద పడ్డాడు. దూది ఊడి గంట ఒక్కసారి బొంయిమంది. ఆ మోతకి గాజుకప్పు మీది మంచు దబదబా రాలింది. జనం కేకలు పెడుతూ వాకిలి వైపు తోసుకున్నారు. తవిటన్న మెట్లెక్కాడు, మెట్ల పైన తలుపు మూసి ఉంది. కిందకి జారాడు, కింద బల్లేలు. చెమటకి చెంపల మీది మైనం కరిగి, గడ్డం కింద నుంచి అతని నల్లటి అసలు ముఖం బయటపడింది.

హాలు నడుమ ఓర్గెల్ పండితుడు నిలబడి ఉన్నాడు. కొంగ లాంటి మనిషి. పొడుగు కోటు, కోటు నిండా జేబులు, జేబుల నిండా చీటీలు. తొందరేమీ లేనట్టు ఒక చీటీ తీసి ఏదో రాసి గాల్లోకి విసిరాడు. అది సీతాకోకచిలుకలా రెక్కలు కొట్టుకుంటూ వచ్చి తవిటన్న కుడి చేతికి అంటుకుంది. దాని మీద ఇలా ఉంది: చెయ్యి. దక్షిణం. అంతే, ఆ చెయ్యి కొయ్యబారిపోయింది. ఇంకొకటి ఎడమ చేతికి. ఇంకొకటి మోకాలికి. చీటీల గుంపు కాకుల్లా ముసిరింది. తవిటన్న మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఒంట్లో ఇంక కదిలేవి కళ్ళూ నోరూ.

ఓర్గెల్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. శంఖతీరపు భాష అతను తాళపత్రాల్లోంచి నేర్చుకున్నాడు.

"ఓయీ, నీవు వచ్చెదవని నేనెరుంగుదును. భయపడకుము. నీకు ఇచ్చట ఏ లోపమును ఉండదు."

"మా పేరమ్మని మాకిచ్చీ," అన్నాడు తవిటన్న.

"ఏల? మీ గుహయందు గబ్బిలములు ఆమె శిరస్సుపై రెట్టలు వేయుచుండెను. నూనె మరకలు, పసుపు మరకలు. నేను శుభ్రపరచితిని. పట్టు మెత్త వేసితిని. ఇచ్చట వేల జనులు ఆమెను దర్శించుచున్నారు."

"సూడ్డవేటి, సూసి ఎల్లిపోతన్నారు. ఎవులన్నా ఆయమ్మతోటి ఒక్క మాట మాటాడినారేటి? ఇక్కడ మీరు ఆయమ్మని అద్దంలో ఎట్టినారు, అక్కడ మాయమ్మ నన్ను ఎవులు బాబూ అంటన్నాది."

ఓర్గెల్ ఆ మాటని కూడా ఆసక్తిగా విన్నాడు, కానీ వస్తువుని పరీక్షించినట్టు. తర్వాత తల ఊపి, కావలివాళ్ళని పిలిచి తవిటన్నని యాళి అరుగు పక్కన మోకాళ్ళ మీదే కూర్చోబెట్టించాడు.

"మిక్కిలి చక్కని భంగిమ. భక్తుడు, దేవత. ఇద్దరినీ ఒకే పెట్టెలో ఉంచెదను. అయినను ఆమె ఉపయోగమేమో చీటీపై ఇంకను ఖాళీగా ఉన్నది. అది నీవు చెప్పవలెను. అందులకే నీ నోటిని విడిచితిని. పెద్ద పెట్టెను తెప్పించి వచ్చెదను, అంతలో ఆలోచించుకొనుము."

అతను కావలివాళ్ళతో కలిసి పెట్టె కోసం వెళ్ళాడు. జనం ఖాళీ అయిన హాల్లో మంచు కరిగి గాజుకప్పు మీద నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది.

"బాగా ఇరుక్కుంటివి," అంది యాళి. "ఇంగ మన ఇద్దరం ఇరుగుపొరుగు. తినేదానికేం ఉండదు గానీ, మాట్లాడేదానికి ఒకడు దొరికినాడు నాకి. ఎన్ని ఏండ్లయిందో."

"నీ పేరేటి?"

"తెలీదప్పా. చీటీలో 'సింహం లాంటి జంతువు' అని రాసినాడు. లాంటిదంట. నా ఊరేదో, నన్నెవరు నిలబెట్టిరో, ఏమీ గుర్తుకు రాదు. అడిగేదానికి ఎవరూ రారు గూడా. నీ మాదిరి నన్ను వెతుక్కుంటా ఒక్కడూ రాలే." మళ్ళీ అడిగింది. "ఆయమ్మ ఏం చేస్తాది నిజంగా?"

తవిటన్న చెప్పాడు. "మా కాడ బిడ్డ పుడితే, పేరు ముందుగాల ఆయమ్మ సెవిలో సెప్తారు. ఇంకెవులికీ సెప్పకముందే. అప్పుడు ఆ పేరు ఆయమ్మ దాసుకుంటాది. అందరి పేర్లూ ఆయమ్మ కాడే. ఆయమ్మ గద్దె దిగిపోనాది, పేర్లన్నీ ఎల్లిపోనాయి."

"మరి నీకెట్ల గుర్తుండాది?"

"నేను ఓడలో పుట్టినాను. నడిసంద్రంలో. ఒడ్డుకొచ్చేసరికి నా పేరు ఓడంతా తెలిసిపోనాది. అందరూ ఇన్న పేరు ఆయమ్మ సెవిలో సెప్పకూడదని పెద్దలు గెంటేసినారు. సిన్నప్పట్నుంచీ నన్ను ఆటల్లో సేర్చుకునేవోళ్ళు కాదు. అమ్మకి తెలీనోడు, అమ్మకి తెలీనోడు అని ఎక్కిరించీవోళ్ళు." అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇప్పుడు నాకొక్కడికే అందరూ తెలుసు. నాకే ఎవులూ నేరు."

యాళి గొంతు తగ్గించింది.

"నిద్రపోయే ఆయమ్మని లేపేదెట్ల?"

"కొత్త పేరు సెవిలో పడితే లెగుస్తాదని మంత్రగత్తె సెప్పినాది. ఆయమ్మ లెగిస్తే ఎదురుగా ఏ దొంగ పేరూ నిలబడదంట. సీటీలన్నీ రాలిపోతాయంట. ఆయమ్మ కూడా బొమ్మంత తేలికైపోద్ది."

"అయితే చెప్పు. నీది కొత్త పేరే కదా ఆమెకి."

"సెప్తే నా పేరు కూడా ఆయమ్మ కాడికి ఎల్లిపోద్ది. గద్దె మీద కూకునేదాకా నాకూ ఏదీ గురుతుండదు. ఆయమ్మెవులో, ఊరేదో, ఎందుకొచ్చినానో. అప్పుడు ఎవులు తీసుకెల్తారు?"

హాలు చివర చక్రాల చప్పుడు. పెద్ద గాజుపెట్టెని తోసుకొస్తున్నారు.

"నాకి చెప్పు," అంది యాళి, తొందరగా. "నాకి ఇప్పుడు ఊరు లేదు, పేరు లేదు, చెయ్యాల్సిన పని లేదు. నీది నేను పట్టుకుంటా. బిర్రన చెప్పు."

తవిటన్న ఆ రాతి ముఖం వైపు చూశాడు. విరిగిన చెవి, పెచ్చులూడిన తొండం. మోసం చేస్తే అడిగే దిక్కు లేదు. అసలు మోసపోయానని తనకి తెలియనే తెలియదు.

చెప్పాడు. ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. తూర్పున ఉప్పుగుహ, దానికి దక్షిణంగా రెండు కొమ్ముల కొండ, కొండ మీద గుహ, గుహలో గద్దె. ముఖం సముద్రం వైపు ఉండాలి. రేవులో మూడో ఇల్లు, గుమ్మానికి పీతల వల వేలాడుతుంది. ఇంట్లో ఉండేది మా అమ్మ. పేరు పైడమ్మ. ఎడమ చెవి సరిగా వినపడదు, గట్టిగా పిలవాలి.

"గట్టిగా పిలుస్తా," అంది యాళి.

పెట్టె వచ్చింది. ఓర్గెల్ పేరమ్మ గాజుపెట్టె తాళం తీసి, కప్పీ తాళ్ళు కట్టించి, ఆరుగురి చేత లాగించి ఆమెని తవిటన్న ఒడిలోకి దింపించాడు. కొండ బరువుకి అతని తొడ ఎముకలు కిర్రుమన్నాయి. ఆమె వంచిన తల సరిగ్గా అతని గడ్డం కిందకి వచ్చింది. ఓర్గెల్ రెండడుగులు వెనక్కి వేసి, తల అటూ ఇటూ తిప్పి చూసి సంతోషపడ్డాడు. ఖాళీ చీటీ, కలం తీశాడు.

"ఇప్పుడు చెప్పుము. ఈమె ఉపయోగమేమి?"

"సూపిత్తాను," అన్నాడు తవిటన్న.

గడ్డం కిందే, నూనె వాసన పోయి సబ్బు వాసన వేస్తున్న ఆ చెవిలో, ఒక తండ్రి ఎప్పుడో చెప్పాల్సిన మాటని తనే చెప్పుకున్నాడు. నెమ్మదిగా, ఒక్కసారి.

ముందుగా సముద్రం పోయింది. తర్వాత రేవు. వలల రంగు, తోటి పిల్లల వెక్కిరింతలు, మంత్రగత్తె మైనం వాసన, రాజు కిరీటం, అన్నీ తిరుగుకెరటంలో ఇసకలా పాదాల కింద నుంచి జారిపోయాయి. చివరికి ఒక గుమ్మం మిగిలింది, గుమ్మంలో నీళ్ళ చెంబుతో ఒక ఆడమనిషి. ఆమె ఎవరో అతను పట్టుకుని ఉండాలని చూశాడు. ఆమె తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఒడిలో నల్లరాయి కళ్ళు తెరిచింది.

వింతశాల అంతా చీటీల వాన. దారాలు పటపటా తెగి తెల్లటి చీటీలు మంచుతో పోటీగా రాలాయి. కంచుగంట తనంతట తాను మోగింది. తలుపులు తెరుచుకున్నాయి, పడవ ఉన్నచోటే ఊగింది, అందెలు నడక మొదలుపెట్టాయి. గాజుపెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి భళ్ళుభళ్ళున పగిలాయి. ఓర్గెల్ నేల మీద మోకాళ్ళూని గుప్పెళ్ళతో చీటీలు ఏరుకుంటున్నాడు. ఏది దేనిదో అతనికి తెలియడం లేదు. చదువుతున్నాడు, చుట్టూ చూస్తున్నాడు, మళ్ళీ చదువుతున్నాడు.

ఆ గందరగోళం మధ్యలో ఒక కుర్రవాడు చేతిలో రాతిబొమ్మతో లేచి నిలబడి బిత్తరచూపులు చూస్తున్నాడు. బల్లేలు అతని వైపు వస్తున్నాయి. ఎందుకు వస్తున్నాయో అతనికి తెలియదు.

అరుగు మీది నుంచి ఏనుగంత రాతి మృగం ఒకటి ఒళ్ళు విరుచుకుని దిగి అతని ముందు వంగింది.

"ఎక్కు."

"నువ్వెవులు?"

"దావలో చెప్తా."

"నేనెవుల్ని?"

"అది గూడా దావలోనే చెప్తా. ముందు ఎక్కప్పా, పొడుస్తారు."

ఎక్కాడు. యాళి ఒక్క తొండం దెబ్బకి బల్లేలని చీపురుపుల్లల్లా విరిచేసి, రెండు తాటిచెట్ల ఎత్తు వాకిలిని ఊడబెరికి, మెట్లు దూకి వీధిన పడింది. రాతి గిట్టల కింద మంచు నిప్పుల్లా చిమ్మింది. బొచ్చు కుక్కలు బళ్ళు వదిలేసి పారిపోయాయి. వెనక నుంచి తుపాకులు. ఒక గుండు యాళి పిర్రకి తగిలి రాతిపెచ్చు లేచింది.

"ఈ బొమ్మెవులు?" అని అరిచాడు కుర్రవాడు గాలిలో.

"నీకి తెలిసినామే. గట్టిగా పట్టుకో, వదిలితే చంపుతా."

గట్టిగా పట్టుకున్నాడు. ఆ రాయి అతని రొమ్ముకి వెచ్చగా తగిలింది.

వీధి రేవు దగ్గర ఆఖరయింది. ఎదురుగా నిలువునా తెగిపడ్డ గట్టు, కింద గడ్డకట్టిన సముద్రం, దూరంగా మంచు పలకల మధ్య నల్లటి నీటి చీలిక. ఎడమ నుంచి గుర్రపు దండు, కుడి నుంచి ఓర్గెల్ ఓడ నల్లతెరచాప విప్పుకుంటోంది. యాళి గట్టు అంచున నిలబడి ఆయాసపడింది. రాతి పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"నాకి గుర్తుకొచ్చింది," అంది, ఇంకెవరూ వినకూడదన్నట్టు చిన్నగా. "చీటీ ఊడినప్పుడే వచ్చింది. నా ఊళ్ళో ఇంగ ఎవరూ లేరు. వీళ్ళు తవ్వేదానికి వచ్చేసరికే ఎవరూ లేరు, నేనొకడినే మండపంలో నిలబడుంటి. నన్ను చెక్కినాయన మాత్రం నాకొక పేరు పెట్టినాడు. ఇంత మొగం వేసుకున్నా గదా, ఆయనకి నేను బిడ్డ మాదిరి. చిన్నప్ప అని పిలిచేటోడు. ఆయన పోయినాక ఆ పేరు ఎవరూ పిలవలే. ఒకసారి పిలుస్తావా?"

కుర్రవాడికి ఆ మృగం ఎవరో తెలియదు, తానెవరో తెలియదు, ఆ చలి ఏ దేశపుదో తెలియదు. ఈ లోకంలో అతనికి తెలిసిన పేరు అదొక్కటే.

"చిన్నప్పా," అన్నాడు.

యాళి జూలు లేచి నిలబడింది, ముఖం తూర్పున ఉప్పుగుహ వైపు తిరిగింది. నాలుగు గిట్టలూ ఒక్కసారి గట్టుని తన్నాయి. కింద సముద్రం మీది మంచు, వాళ్ళ నీడ పడినంత మేరా పగుళ్ళు బారుతూ ఎదురొస్తోంది. గిట్టలు ఇంకా దాన్ని తాకలేదు.